మూత్రం తొందరను అదుపులోకి తెచ్చుకోవడం ఎలా?

మూత్రం వస్తోందనిపించిన మరుక్షణం పరుగెత్తాల్సి వస్తోందా? ఎక్కడికైనా బయల్దేరే ముందు అక్కడ బాత్రూమ్ ఉంటుందో లేదో అని టెన్షన్ పడుతున్నారా? వెళ్లొచ్చిన అరగంటకే మళ్లీ వెళ్లాలనిపిస్తోందా? అయితే ఇది మీకోసమే. ఈ బాధ ఉన్నవాళ్లలో చాలామంది ఎవరికీ చెప్పుకోరు. వయసైపోయిందని సరిపెట్టుకుంటారు, నీళ్లు తగ్గించేస్తారు, ప్రయాణాలు మానుకుంటారు. అంత దూరం వెళ్లాల్సిన పని లేదు. మూత్రాశయం మీద అధికారం మెదడుది. ఆ అధికారం సడలినప్పుడు దాన్ని సాధనతో చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు. ఇందుకు కొన్ని వారాలు పడుతుంది, ఓపిక కావాలి.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి. ఇది అర్థమైతే తర్వాతి పనులన్నీ ఎందుకు చేస్తున్నారో తెలిసి చేస్తారు. తెలిసి చేసేవాళ్లే మధ్యలో మానేయకుండా కొనసాగిస్తారు.

మూత్రాశయానికీ మెదడుకీ మధ్య ఏం నడుస్తుంది?

పెద్దవాళ్ల మూత్రాశయంలో సుమారు 400 నుంచి 600 మిల్లీలీటర్లు పడుతుంది. కిడ్నీల నుంచి మూత్రం కొద్దికొద్దిగా దిగుతూ ఉంటుంది. మూత్రాశయం గోడలో ఉండే డెట్రూసర్ అనే కండరం మెత్తగా సాగుతూ దానికి చోటిస్తుంది. అందుకే సంచి నిండుతున్నా లోపలి ఒత్తిడి పెద్దగా పెరగదు. 150 నుంచి 200 మిల్లీలీటర్లు చేరేసరికి మొదటిసారి 'మూత్రం ఉంది' అని తెలుస్తుంది. అంటే మొదటి కబురు అందేటప్పటికి ఇంకా సగానికి పైగా ఖాళీ ఉంటుందన్నమాట. ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలా కంగారు తగ్గుతుంది.

గోడ సాగిందని నరాలకు తెలిపే వాటిలో పీజో2 అనే ప్రోటీన్ ముఖ్యమైనది. పుట్టుకతోనే ఈ ప్రోటీన్ పనిచేయనివాళ్లకు మూత్రాశయం నిండిన సంగతి సరిగా తెలియదని 2020లో శాస్త్రవేత్తలు చూపించారు. అలాంటివాళ్లలో కొందరు గడియారం చూసుకుని బాత్రూమ్‌కి వెళ్తారు. పీజో ప్రోటీన్లను కనిపెట్టినందుకే ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

సాగిన గోడ నుంచి కబురు నడుము కింది నరాల ద్వారా వెన్నుపాములోకి, అక్కడి నుంచి మెదడు కాండం పైభాగానికి చేరుతుంది. మెదడు కాండంలోనే, కాస్త కింద, చిన్న కణాల గుంపు ఒకటి ఉంది. దాన్ని 1925లో ఫ్రెడరిక్ బారింగ్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు పిల్లుల్లో గుర్తించాడు. మూత్ర విసర్జనకు ఆజ్ఞ ఇచ్చేది అదే. అది పనిలోకి దిగగానే కింద ద్వారం దగ్గర బిగిసి ఉన్న స్ఫింక్టర్ కండరం వదులవుతుంది, వెంటనే మూత్రాశయం కండరం ముడుచుకుంటుంది. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి సరిగ్గా జరగాలి. ఆ క్రమాన్ని చూసుకునేది ఈ గుంపే.

మరి రోజంతా అది ఎందుకు ఊరుకుంటుంది? నుదుటి వెనక ఉండే మెదడు భాగం దానికి అనుమతి ఇవ్వదు కాబట్టి. ఆ భాగం అక్కడి పరిస్థితి చూస్తుంది: ఎక్కడున్నాం, పక్కన ఎవరున్నారు, ఇది సమయమేనా అని. కాదనిపిస్తే కింది కేంద్రాన్ని ఆపి ఉంచుతుంది. మీకు తెలియకుండానే రోజులో ఎక్కువ భాగం ఈ 'వద్దు' నడుస్తూనే ఉంటుంది. నుదుటి భాగం దెబ్బతిన్నవాళ్లలో మూత్రం అదుపు తప్పుతుందని 1964లోనే ఇద్దరు వైద్యులు, ఆండ్రూ, నేథన్, వివరంగా రాశారు. 1997లో నెదర్లాండ్స్ పరిశోధకులు మూత్రం పోస్తున్న మగవాళ్ల మెదడును స్కాన్ చేసి, బారింగ్టన్ పిల్లుల్లో చూసిన చోటే మనుషుల్లోనూ పనిచేస్తుందని చూపించారు.

పసిపిల్లలకు ఈ 'వద్దు' ఇంకా రాదు, నిండగానే పోసేస్తారు. మూడు నుంచి ఐదేళ్ల లోపు చాలామంది నేర్చుకుంటారు. మనం ఇక్కడ ఆధారపడేది దీని మీదే: మూత్రాన్ని ఆపుకోవడం మెదడు నేర్చుకున్న విద్య. నేర్చుకున్న విద్య పట్టు సడలవచ్చు, మళ్లీ సాధన చేస్తే పట్టు రావచ్చు.

పట్టు ఎలా సడలుతుంది? చాలామందిలో ఇలా జరుగుతుంది. ఏదో కారణంతో, ఒక ఇన్ఫెక్షన్ వల్లో, టెన్షన్ వల్లో, కొన్నాళ్లు తొందరగా వెళ్లాల్సి వస్తుంది. భయంతో ముందుజాగ్రత్తగా వెళ్లడం అలవాటవుతుంది. మొదటి కబురుకే పరుగెత్తితే, ఆ చిన్న కబురే పెద్ద ప్రమాదమని మెదడు నేర్చుకుంటుంది. మూత్రాశయం నిండుగా సాగే సందర్భాలు తగ్గిపోతాయి. కొద్దిగా చేరినా పెద్దగా అనిపిస్తుంది. ఇక రోజుకు పది పన్నెండుసార్లు వెళ్లడం మామూలైపోతుంది. ఇది మీ బలహీనత కాదు, మీ తప్పూ కాదు. అయితే ఇది ఏ దారిలో వచ్చిందో అదే దారిలో వెనక్కి పంపాలి.

మొదటి పని: డాక్టర్ చూడాల్సినది ఉందేమో తేల్చుకోండి

సాధన మొదలుపెట్టే ముందు మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించుకోండి. తొందర కొత్తగా వచ్చినదైతే ఇది తప్పనిసరి. మంట, జ్వరం ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. దాహం ఎక్కువై, బరువు తగ్గి, ప్రతిసారీ చాలా మూత్రం పోతుంటే మధుమేహం కావచ్చు. మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించినా, నొప్పి లేకపోయినా, చూపించుకోండి. మగవాళ్లలో ధార సన్నబడటం, మొదలవడానికి ఆలస్యం కావడం ప్రోస్టేట్ పెరిగినందువల్ల కావచ్చు. నడక తడబడుతూ, మతిమరుపు వస్తూ, మూత్రం కూడా ఆగకపోతుంటే మెదడులో నీరు చేరిందేమో పరీక్షించాలి. అది చికిత్సకు లొంగే జబ్బు, ఆలస్యం చేస్తే నష్టం.

రెండు సందర్భాల్లో మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు. ఒకటి, మూత్రాశయం నిండి నొప్పి పెడుతున్నా ఒక్క చుక్క కూడా రాకపోవడం. రెండు, నడుము నొప్పితో పాటు తొడల మధ్య, మర్మాంగాల చుట్టూ స్పర్శ తెలియకపోవడం, కాళ్లు బలహీనపడటం. రెండోది వెన్నుపాము కింది నరాలు నలిగిపోతున్నాయనడానికి గుర్తు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

వెన్నుపాముకు గాయమైనవాళ్లు కింద చెప్పే సాధన సొంతంగా చేయకూడదు. గాయం ఛాతీ పైభాగంలోనో, ఇంకా పైనో ఉంటే మూత్రాశయం బాగా నిండటమే బీపీని ప్రమాదకరంగా పెంచగలదు. వాళ్లకు వేరే పద్ధతులున్నాయి.

రెండో పని: మూడు రోజులు రాయండి

ఒక కొలత గిన్నె, ఒక కాగితం చాలు. మూడు రోజుల పాటు ఎప్పుడు వెళ్లారు, ఎంత పోసింది, తొందర ఎంత ఉంది (కొద్దిగా, బాగా, ఆగనంత), ఏం తాగారు, ఎంత తాగారు, బట్టలు తడిశాయా అన్నవి రాసుకోండి. రాత్రి లేచినవి కూడా రాయండి. ఏ సమయానికి పడుకున్నారు, ఏ సమయానికి లేచారు అన్నదీ రాయాలి. మూడు రోజులూ వరసగా ఉండాల్సిన పని లేదు.

చాలామంది ఈ పని దాటేసి నేరుగా వ్యాయామాల్లోకి వెళ్లిపోతారు. దయచేసి దాటేయకండి. సమస్య ఎక్కడుందో ఈ కాగితమే చెబుతుంది. రోజు మొత్తం మూత్రం ఒకటిన్నర, రెండు లీటర్లు వచ్చి, ఏడెనిమిదిసార్లు వెళ్తుంటే అది మామూలే. మొత్తం మూడు లీటర్లు దాటుతుంటే సమస్య మూత్రాశయంలో లేదు, లోపలికి పోతున్న నీళ్లలోనో, కిడ్నీలు వదులుతున్న తీరులోనో ఉంది. దానికి డాక్టర్ సలహా కావాలి. మొత్తం మామూలుగానే ఉండి, ప్రతిసారీ వంద, నూట యాభై మిల్లీలీటర్లే వస్తూ పన్నెండుసార్లు వెళ్తుంటే సాధన పనిచేసేది సరిగ్గా మీకే. ఆ కాగితంలో ఎక్కడో ఒకచోట, బహుశా పొద్దున లేవగానే, 350 లేదా 400 కనిపిస్తుంది. ఆ అంకె కింద గీత గీయండి. మీ మూత్రాశయం అంత పట్టగలదని అదే రుజువు.

మూడో పని: ఏ కండరం బిగించాలో కనిపెట్టండి

కటి భాగం అడుగున, ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా పరుచుకుని ఉండే కండరాలను పెల్విక్ ఫ్లోర్ అంటారు. ఇవి ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఉంటాయి. వీటి వ్యాయామాలకు 1948లో ప్రచారం తెచ్చిన అమెరికన్ గైనకాలజిస్ట్ ఆర్నాల్డ్ కెగెల్ పేరే స్థిరపడింది.

కూర్చుని, గాలి పోకుండా ఆపుకుంటున్నట్టు, అదే సమయంలో మూత్రాన్ని కూడా ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి లాగండి. పొట్ట, తొడలు, పిరుదులు బిగుసుకోకూడదు. ఊపిరి ఆగకూడదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే తెలిసిపోతుంది. కొన్ని సెకన్లు పట్టి ఉంచి, అంతే సేపు పూర్తిగా వదలండి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే. ఇలా ఎనిమిదిసార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు చేయాలి.

మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని రోజూ వ్యాయామంలా చేయకండి. మెదడు వదలమన్నాక మధ్యలో ఆపుతూ ఉంటే పూర్తిగా ఖాళీ కాకపోయే అలవాటు పడవచ్చు. బిగించినప్పుడు నొప్పి వస్తే, లేదా ఆ భాగం ఎప్పుడూ బిగుసుకునే ఉంటుందనిపిస్తే, ఇంకా బిగించడం మంచిది కాదు. పెల్విక్ ఫ్లోర్ తెలిసిన ఫిజియోథెరపిస్ట్‌ను కలవండి.

నాలుగో పని: తొందర వచ్చిన ఆ నిమిషంలో

అసలు కీలకం ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతున్నాను.

తొందర అలలాంటిది. లేస్తుంది, పతాక స్థాయికి వెళ్తుంది, తగ్గుతుంది. మూత్రాశయం కండరం ఒకసారి ముడుచుకుని మళ్లీ వదులవుతుంది కాబట్టి అలా అనిపిస్తుంది. పరుగెత్తేవాళ్లు సరిగ్గా అల పైన ఉన్నప్పుడు కదులుతారు. నడక వల్ల పొట్ట ఒత్తిడి పెరుగుతుంది, కంగారు పెరుగుతుంది, బాత్రూమ్ కనిపించేసరికి మెదడు 'వచ్చేశాం' అనుకుంటుంది. మూత్రం జారేది ఎక్కువగా ఆ చివరి నాలుగడుగుల్లోనే. అందుకని తొందర రాగానే వెళ్లకండి. అది తగ్గాక వెళ్లండి. వినడానికి తలకిందులుగా ఉంటుంది, ఒకటి రెండుసార్లు చేసి చూస్తే నమ్మకం కుదురుతుంది.

ఇలా చేయండి. తొందర రాగానే ఉన్నచోటే ఆగిపోండి. వీలైతే కూర్చోండి. మూడో పనిలో కనిపెట్టిన ఆ కటి అడుగు కండరాలను గబగబా ఐదారుసార్లు బిగించండి. ఇది ద్వారం మూయడానికి మాత్రమే కాదు. ఆ కండరాలు బిగిసినప్పుడు వాటి నుంచి వెళ్లే కబురు వెన్నుపాములో మూత్రాశయం కండరాన్ని శాంతపరుస్తుంది. శరీరంలో ముందే ఉన్న మార్గమిది, మీరు దాన్ని కావాలని వాడుకుంటున్నారు.

తర్వాత భుజాలు, పొట్ట, దవడ వదులు చేయండి. నెమ్మదిగా ఊపిరి వదలండి. చాలామంది అడుగు కండరాలతో పాటు ఒళ్లంతా బిగిస్తారు. పొట్ట బిగిస్తే మూత్రాశయాన్ని పైనుంచి నొక్కినట్టే అవుతుంది.

ఇప్పుడు మెదడుకు పని ఇవ్వండి. నూరు నుంచి ఏడు చొప్పున తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టండి, లేదా ఒక అక్షరంతో మొదలయ్యే ఊళ్ల పేర్లు వరసగా తలుచుకోండి. కాస్త కష్టంగా ఉండేదే ఎంచుకోండి. సులువైన పనైతే మనసు మళ్లీ మూత్రం మీదికే పోతుంది. తొందర ఎంత ఉందన్నది, మెదడు ఆ కబురు మీద ఎంత ధ్యాస పెడుతోందన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. గాఢంగా పనిలో మునిగిపోయినప్పుడు గంటలు గడిచినా గుర్తురాకపోవడం మీకూ అనుభవమే కదా.

మనసులో ఒక మాట కూడా అనుకోండి: 'ఇది కబురే, ఆజ్ఞ కాదు. ఇంకా చోటుంది.' ఇది ధైర్యం చెప్పుకోవడానికి మాత్రమే అనుకోకండి. గీత గీసుకున్న ఆ 350 గుర్తుంది కదా, అందుకే ఇది నిజం కూడా.

అల తగ్గాక, మామూలు నడకతో బాత్రూమ్‌కి వెళ్లండి. మధ్యలో మళ్లీ లేస్తే మళ్లీ ఆగండి. మొదట్లో ఒక్క నిమిషం ఆగగలిగినా అది గెలుపే. ఇంట్లో ఉన్నప్పుడు, బాత్రూమ్ దగ్గరగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. అవసరమైతే ప్యాడ్ వాడండి. తడుస్తుందన్న భయం లేనప్పుడే ఆగడం నేర్చుకోగలం, కాబట్టి ప్యాడ్ వాడటాన్ని ఓటమిగా చూడకండి.

కొందరికి మడతపెట్టిన తువ్వాలు మీదో, కుర్చీ అంచు మీదో కూర్చోవడం సాయపడుతుంది. కొందరికి కాలి వేళ్లు ముడవడం, మడమలు ఎత్తి దించడం పనిచేస్తుంది. ఏది నప్పితే అది చేయండి.

ఇంటి తలుపుకు తాళం చెవి పెట్టగానే తొందర ముంచుకొస్తుందని చాలామంది అంటారు. కుళాయి నీళ్ల చప్పుడు, చల్లటి గాలి, చేతులు కడుక్కోవడం కూడా అంతే. వేలసార్లు తలుపు తీయగానే బాత్రూమ్‌కి వెళ్లి ఉంటారు, మెదడు రెండిటినీ జత కలిపేసింది. ఈ జతను విడదీయాలంటే తాళం చెవి చేతిలోకి తీసుకోకముందే తలుపు బయట నిలబడి పైన చెప్పిన పద్ధతి చేయండి. లోపలికి వెళ్లాక వేరే పని ఏదైనా, చెప్పులు సర్దడమో, ఫోన్ ఛార్జింగ్ పెట్టడమో చేసి, ఆ తర్వాతే వెళ్లండి. మూత్రాశయం పెద్దగా నిండని సమయంలో కుళాయి విప్పి దాని పక్కనే కాసేపు నిలబడటం కూడా మంచి సాధన.

ఐదో పని: మధ్య సమయాన్ని పెంచండి

మీ కాగితం చూసి, ఇబ్బంది లేకుండా ఎంతసేపు ఆగగలుగుతున్నారో చూడండి. గంట అనుకుందాం. ఒక వారం పాటు మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి వెళ్లండి, వెళ్లాలనిపించినా అనిపించకపోయినా. గంట లోపే తొందర వస్తే నాలుగో పనిలో చెప్పినట్టు ఆగండి. ఇలా చేస్తే వెళ్లే సమయాన్ని మీరు నిర్ణయిస్తారు, మూత్రాశయం కాదు. వారం సాఫీగా గడిస్తే పదిహేను నిమిషాలు పెంచండి. అలా పెంచుకుంటూ మూడు గంటల దగ్గరికో, నాలుగు గంటల దగ్గరికో చేరాలి. రాత్రి నిద్రలో ఈ లెక్క వద్దు.

ఈ పద్ధతిని కనీసం ఆరు వారాలు చేయాలి. మధ్యలో చెడ్డ రోజులు వస్తాయి. జలుబు, చలి, నిద్రలేమి, ఆఫీసు టెన్షన్, నెలసరి ముందు రోజులు వెనక్కి లాగుతాయి. అలాంటప్పుడు పెంచకండి, మొదటికీ వెళ్లకండి. ఉన్నచోటే ఉండండి. 'ఎందుకైనా మంచిది' అని వెళ్లడం మాత్రం పూర్తిగా మానేయండి. పడుకునే ముందు, దూర ప్రయాణానికి ముందు వెళ్లడం వేరు. గడప దాటినప్పుడల్లా వెళ్లడం వేరు.

ఇదంతా పనిచేస్తుందా అన్న అనుమానం సహజం. 1998లో అమెరికాలో 55 ఏళ్లు దాటిన 197 మంది ఆడవాళ్ల మీద ఒక పరిశోధన జరిగింది. కండరాలు బిగించి తొందరను అణచడం నేర్చుకున్నవాళ్లలో మూత్రం జారడం సుమారు 81 శాతం తగ్గింది. ఆక్సీబ్యూటినిన్ అనే మందు వాడినవాళ్లలో 69 శాతం, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 39 శాతం తగ్గింది. ఆ మూడో అంకె కూడా నాకు విలువైనదే అనిపిస్తుంది. మూత్రాశయాన్ని తాకని మాత్రతోనే అంత తగ్గిందంటే, ఇందులో ధ్యాసకూ నమ్మకానికీ కొంత వాటా ఉండొచ్చు.

తాగేవాటి సంగతి

నీళ్లు మరీ తగ్గించకండి. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని చికాకు పెడుతుంది, మలబద్ధకం తెస్తుంది, నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపడా తాగుతున్నట్టే. ఒకేసారి చెంబెడు తాగకుండా రోజంతా కొంచెం కొంచెంగా తాగండి. కాఫీ, టీ, కోలా, మద్యం చాలామందిలో తొందరను పెంచుతాయి. అన్నీ ఒక్కసారి మానేస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు. ఒక్కోదాన్ని ఒక్కో వారం తగ్గించి చూడండి. కాఫీ నెమ్మదిగా తగ్గించండి, ఒక్కసారి ఆపితే తలనొప్పి వస్తుంది.

రాత్రి లేవడం వేరే లెక్క

రాత్రి ఎక్కువసార్లు లేచేవాళ్లు తమ మూత్రాశయాన్నే తిడతారు. చాలాసార్లు దాని తప్పేం ఉండదు. రాసుకున్న కాగితం తీయండి. నిద్రపోయాక లేచి పోసినవన్నీ, పొద్దున లేవగానే పోసిన మొదటిదీ కలపండి. పడుకునే ముందు పోసినది కలపొద్దు. ఆ మొత్తం, ఇరవై నాలుగు గంటల మొత్తంలో మూడో వంతు దాటుతోందా? ఉదాహరణకు రోజు మొత్తం 1800, రాత్రి రెండుసార్లు 250 చొప్పున, పొద్దున 300 అనుకుందాం. రాత్రి లెక్క 800. మూడో వంతు 600 కాబట్టి ఇది ఎక్కువే. వయసు మళ్లినవాళ్లలో ఇలా ఉంటే కిడ్నీలే రాత్రి ఎక్కువ మూత్రం తయారు చేస్తున్నాయని అర్థం. అప్పుడు ఎంత సాధన చేసినా పెద్దగా ఫలితం ఉండదు, కారణం వెతకాలి.

పగలు కాళ్లలో చేరిన నీరు, పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి మూత్రంగా మారుతుంది. కాళ్లు వాచేవాళ్లు మధ్యాహ్నమో సాయంత్రమో ఒక గంట కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే ఆ నీరు పడుకునే ముందే బయటికి పోతుంది. కాళ్ల వాపుకు గుండె, కిడ్నీ జబ్బులు కారణమేమో కూడా చూపించుకోండి. నీటి మాత్రలు వేసుకునేవాళ్లు ఏ సమయానికి వేసుకుంటే మంచిదో డాక్టర్‌ను అడగండి, సొంతంగా మార్చొద్దు. గట్టిగా గురక పెడుతూ, నిద్రలో ఊపిరి ఆగిపోతున్నట్టుంటే స్లీప్ అప్నియా ఉండొచ్చు. ఊపిరి ఆగినప్పుడు గుండె మీద పడే ఒత్తిడికి, మూత్రం ఎక్కువ తయారుచేయించే హార్మోన్ విడుదలవుతుంది. దానికి చికిత్స చేస్తే రాత్రి లేవడం తగ్గుతుంది.

వదలడం కూడా సరిగ్గా జరగాలి

పూర్తిగా ఖాళీ కాకపోతే తొందరగా మళ్లీ నిండుతుంది. పూర్తిగా కూర్చోండి. సీటును తాకకుండా గాల్లో నిలబడితే అడుగు కండరాలు వదులు కావు. పాదాలు నేలకు ఆనించి, కొద్దిగా ముందుకు వంగి, ముక్కకుండా పోయనివ్వండి. అయిపోయాక అరనిమిషం ఆగి, ఒకసారి లేచి మళ్లీ కూర్చుని ప్రయత్నించండి.

కొందరికి దీనికి సరిగ్గా వ్యతిరేకమైన బాధ ఉంటుంది. పక్కన ఎవరైనా ఉంటే ఎంత నిండినా రాదు. ఇదీ మెదడు పనే. చుట్టూ సురక్షితం కాదనుకుని అనుమతి ఇవ్వదు. వీళ్లకు బిగించడం పనికిరాదు. ఇంట్లో ఎవరైనా దూరంగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, వాళ్లను కొద్దికొద్దిగా దగ్గరికి రానిస్తూ అలవాటు చేసుకోవాలి. సైకాలజిస్ట్ సాయం తీసుకుంటే త్వరగా దారిలో పడతారు.

మీరు మరొకరిని చూసుకుంటుంటే

పక్షవాతం, పార్కిన్సన్స్, డిమెన్షియా ఉన్నవాళ్లలో 'వద్దు' అని చెప్పే మెదడు భాగమే దెబ్బతిని ఉండొచ్చు. వాళ్లు కావాలని చేయడం లేదు. పైన చెప్పిన సాధన అందరూ చేయలేరు కూడా. రెండు మూడు గంటలకోసారి మీరే అడిగి తీసుకెళ్లండి, దారిలో అడ్డాలు తీసేయండి, సులువుగా విప్పుకునే బట్టలు వేయండి. పొడిగా ఉన్నప్పుడు మెచ్చుకోండి. తడిసినప్పుడు ఏమీ అనకుండా మార్చండి. పిల్లలు ఐదేళ్ల దాకా రాత్రి పక్క తడపడం మామూలే. ఆ తర్వాత కూడా తడుపుతుంటే తిట్టకండి, కొట్టకండి. మలబద్ధకం ఉందేమో చూసి డాక్టర్‌కు చూపించండి.

ఆరు వారాల తర్వాత

మళ్లీ మూడు రోజులు రాసి, పాత కాగితం పక్కన పెట్టి చూడండి. ఎన్నిసార్లు వెళ్తున్నారో చూడటం కంటే ఒక్కోసారి ఎంత వస్తోందో చూడండి. 120 ఉన్నది 220 అయితే మీరు సరైన దారిలోనే ఉన్నారు, కొనసాగించండి.

ఏ మార్పూ లేకపోతే ఆ రెండు కాగితాలతో యూరాలజిస్ట్‌ను కలవండి. సోలిఫెనాసిన్ లాంటి మందులు మూత్రాశయం కండరం ముడుచుకోకుండా చేస్తాయి. నోరు ఎండటం, మలబద్ధకం రావచ్చు. పెద్దవయసువాళ్లలో అయోమయం కలిగించవచ్చు కాబట్టి మతిమరుపు ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. మిరాబెగ్రాన్ వేరే రకంగా పనిచేసి కండరాన్ని వదులు చేస్తుంది. బీపీ పెంచగలదు కాబట్టి బీపీ చూపించుకుంటూ ఉండాలి. మందులు వాడుతున్నా సాధన ఆపనక్కర్లేదు, రెండూ కలిపి చేయొచ్చు. అవీ చాలకపోతే మూత్రాశయం గోడలోకి బొటాక్స్ ఇంజక్షన్లు ఉన్నాయి. చీలమండ దగ్గరి నరానికి సన్నని సూదితో స్వల్ప కరెంటు ఇచ్చే చికిత్స ఉంది, సాధారణంగా వారానికి అరగంట చొప్పున పన్నెండు వారాలు చేస్తారు. ఆ నరం మూలాలూ మూత్రాశయం నరాల మూలాలూ వెన్నుపాములో ఒకే చోట కలుస్తాయి. అందుకే కాలి దగ్గర ఇచ్చిన కరెంటు మూత్రాశయాన్ని శాంతపరచగలుగుతుంది.